నలభై మంది వెళ్ళిపోయారు సరే, మిగిలిన ఏడుగురి సంగతి చూద్దాం

ప్రశ్న: నేను హైస్కూల్లో లెక్కల మాస్టారిగా చేసి రిటైరయ్యాను. మాది గోదావరి పక్కన ఒక చిన్న టౌను. పోయిన గాంధీ జయంతినాడు నలభై మందిమి కలిసి ఊరిని శుభ్రం చేద్దాం, అందంగా తీర్చిదిద్దుదాం అని మొదలుపెట్టాం. ప్రతి ఆదివారం ఉదయం ఒక వీధి. మొదటి నెల పేపర్లో ఫోటోలు కూడా వచ్చాయి. సంక్రాంతి సెలవుల్లో 200 మొక్కలు నాటాం. ఇప్పుడు పదకొండో నెల, ఏడుగురం మిగిలాం. మొక్కల్లో ముప్పై కూడా లేవు. మేకలు తిన్నవి తినగా మిగతావి ఎండకి పోయాయి. బస్టాండు వెనక ప్రహరీ పక్కనున్న చెత్తకుప్పని ఆరుసార్లు ఎత్తాం. ఎత్తిన రెండో రోజుకే మళ్ళీ తయారు. ఒక స్థానిక నాయకుడు 20 వేలు ఇస్తాను, నా ఫ్లెక్సీ కట్టండి అన్నాడు. కడదామని కొందరు, వద్దని కొందరు. ఒక కుర్రాడు వాట్సాప్ గ్రూపులో లెక్కలు అడిగితే, డబ్బు చూసే నా స్నేహితుడు నొచ్చుకుని గ్రూపులోంచి వెళ్ళిపోయాడు. నాతోనూ మాట్లాడటం లేదు. మా ఇంటావిడేమో "జీతాలు తీసుకుని చేసేవాళ్ళున్నారు కదా, ఊళ్ళో చెత్త ఎత్తడానికి మీరే దొరికారా" అంటోంది. మానేద్దామంటే మనసొప్పదు, సాగిద్దామంటే టెన్షన్. ఏం చేయమంటారు? నా పేరు రాయకండి.

సమాధానం: పేరు వద్దన్నారు కాబట్టి మాస్టారూ అనే పిలుస్తాను.

ఏడుగురమే మిగిలామని మీరు బాధగా రాశారు. నేను మాత్రం ఏడుగురు మిగిలారా అని ఆశ్చర్యపోయాను. నలభై మంది వచ్చింది గాంధీ జయంతికి. ఎండలు, పరీక్షలు, పెళ్ళిళ్ళు, వానలు అన్నీ దాటుకుని ఇంకా చీపురు పట్టుకుని వస్తున్నవాళ్ళు ఏడుగురున్నారంటే, మొదటినుంచీ మీ బృందం ఆ ఏడుగురే. మిగతా ముప్పై ముగ్గురూ చుట్టపుచూపుగా వచ్చారు, చూసి వెళ్ళారు. వాళ్ళ మీద కోపం పెట్టుకోకండి. గ్రూపులో "కొంతమందికి ఫోటోలప్పుడే ఊరు గుర్తొస్తుంది" లాంటి సూటిపోటి మెసేజీలు అసలే వద్దు. వచ్చే గాంధీ జయంతికి వాళ్ళలో పదిమంది మళ్ళీ వస్తారు. ఏమీ అనకుండా చేతికి పార అందించండి.

మీ అసలు పొరపాటు మీ ఉత్తరం నాలుగో వాక్యంలోనే ఉంది. "ప్రతి ఆదివారం ఒక వీధి" అన్నారు. మీరు లెక్కల మాస్టారు, మీకు నేను చెప్పాలా? మీ టౌనులో నలభై వీధులున్నాయనుకుందాం. ఒకసారి ఊడ్చిన వీధికి మీరు మళ్ళీ వచ్చేసరికి తొమ్మిది నెలలు దాటుతుంది. తొమ్మిది నెలలకోసారి ఊడ్చిన ఇల్లు ఎలా ఉంటుంది? ఆ వీధివాళ్ళు మిమ్మల్ని ఒక ఆదివారం చూశారు, కాఫీ ఇచ్చారు, మెచ్చుకున్నారు, మర్చిపోయారు. మీరు వస్తారని వాళ్ళకి తెలియదు, రారని తెలుసు.

మీకు మరీ దూరం కాదు, కృష్ణా జిల్లాలో చల్లపల్లి ఉంది. 2014 నవంబరు 12న అక్కడ డాక్టర్లైన భార్యాభర్తలు మరికొందరు ఊరివాళ్ళతో కలిసి చీపుర్లు, పారలు పట్టుకుని రోడ్డెక్కారు. స్వచ్ఛ చల్లపల్లి అన్న పేరు అలా మొదలైంది. పదేళ్ళు దాటింది, ఇంకా ఆపలేదు. వాళ్ళకి ఆదివారాల లెక్క లేదు, రోజూ వెళ్తారు. తెల్లవారుజామున నాలుగున్నరకి మొదలుపెట్టి ఆరింటికల్లా ముగించి ఎవరి పనుల మీద వాళ్ళు వెళ్ళిపోతారు. ఖర్చులు చూసుకోవడానికి "మనకోసం మనం" అని ఒక ట్రస్టు పెట్టుకున్నారు. ఒకప్పుడు జనం చెంబులు పట్టుకుని వెళ్ళిన గంగులవారిపాలెం రోడ్డుకి ఇవాళ రెండు పక్కలా పూలమొక్కలున్నాయి. చూడటానికి వచ్చినవాళ్ళు ఆ పూల ముందు నిలబడి ఫోటో దిగుతారు. మీ ఏడుగురూ వెళ్తే పూల కోసం వెళ్ళకండి. ముందురోజు రాత్రికే చేరుకుని నాలుగున్నరకి వాళ్ళతో పాటు ఒక్క పూట పనిచేసి రండి. ఎవరు దంతె పడతారు, ఎవరు గమేళా అందుకుంటారు, అరవై దాటినవాళ్ళు ఏం చేస్తారు, పని మధ్యలో ఎంత తక్కువ మాట్లాడతారు, ఇవీ చూడాల్సినవి.

రోజూ చేయడం మీకు కుదరకపోవచ్చు, కుదరాలని నేను అనను. వారానికి రెండు రోజులు, మంగళవారం, శుక్రవారం అనుకోండి. ఐదింటి నుంచి ఆరింటిదాకా. ముగ్గురే వచ్చినా ఐదింటికే మొదలు. యాభై మంది వచ్చినా ఆరింటికి ఆపాలి. ఈ ఆపడం చాలా ముఖ్యం. మొదటి ఉత్సాహంలో తొమ్మిదింటిదాకా లాగుతారు, రెండో వారం నడుం పట్టేసి సగం మంది రారు. గంట తర్వాత టీ, అక్కడ కావలసినన్ని కబుర్లు. ఊరివాళ్ళు మీరు ఎంత బాగా ఊడ్చారో చూడరు. మళ్ళీ మంగళవారం వచ్చారా లేదా, అదొక్కటే చూస్తారు. ఆ టీకొట్టు ఆయన ఐదు కాగానే మీకోసం అటు చూడటం మొదలుపెట్టాడంటే సగం పని అయినట్టే.

చోటు కూడా ఒక్కటే. ఊరంతా కాదు, బస్టాండు మొత్తం కూడా కాదు. ఆ ప్రహరీగోడ, దాని పక్కన ఓ అరవై అడుగులు. ఆరునెలలు అదే.

ఇక ఆ కుప్ప సంగతి. ఆరుసార్లు ఎత్తామన్నారు. ఏడోసారి ఎత్తకండి. ముందు దాన్ని చదవండి. నవ్వకండి, నిజంగానే అంటున్నాను. మా టౌనులో ఇలాంటిదే ఒక కుప్ప మీద మేమూ నాలుగు నెలలు ఓడిపోయాం. ఐదో నెలలో మాలో ఒకాయన, ఎల్‌ఐసీలో చేసి రిటైరైనాయన, "రోజూ ఎత్తుతున్నాం గానీ ఇది ఎవరిదో తెలుసా మనకి?" అన్నాడు. ఒక పొద్దున చెత్తని ఎత్తకుండా, దంతెతో విడదీసి చూశాం. అరటాకులు, పార్సిలు కట్టిన ప్లాస్టిక్ కవర్లు, వాటిలో మిగిలిన చట్నీ. ఒక గోనెసంచి నిండా వెంట్రుకలు. కోడి ఈకలు, పేగులు. తాగేసిన కొబ్బరి బోండాలు ఓ అరవై. గుత్తులుగా కట్టిన థర్మకోల్ ప్లేట్లు, వాటి అడుగున వాడిపోయిన బంతిపూలు. రెండు సిరంజిలు. ఇళ్ళనుంచి వచ్చింది, అంటే కూరగాయల తొక్కలు, చింపిరి గుడ్డలు లాంటివి, మేం అనుకున్నదాంట్లో నాలుగో వంతు కూడా లేదు. అప్పటిదాకా "మన జనానికి బుద్ధి లేదు" అని తిట్టుకున్నాం. తీరా చూస్తే అందులో జనం లేరు, ఆరుగురున్నారు. ఒక టిఫిన్ సెంటరు, ఒక సెలూను, ఒక చికెన్ కొట్టు, ఒక బోండాల బండి, ఒక ఫంక్షన్ హాలు, ఒక క్లినిక్కు.

ఆరుగురితో మాట్లాడగలం కదా. ఊరందరితో మాట్లాడటం ఎవరి వల్లా కాదు.

వెళ్ళి అడిగితే కొత్త విషయాలు తెలిశాయి. సెలూను అబ్బాయి దగ్గర నేను కాస్త గట్టిగానే మొదలుపెట్టాను. అతను కత్తెర పక్కన పెట్టి, "అమ్మా, చెత్తబండి ఏడింటికి వస్తది. నేను షాపు తీసేది తొమ్మిదింటికి, కట్టేసేది రాత్రి తొమ్మిదిన్నరకి. ఆ సంచి ఇంటికి తీసుకెళ్ళాలా?" అన్నాడు. నాదగ్గర జవాబు లేదు. కొట్లన్నిటిదీ అదే కథ. బండి వచ్చే టైముకి షట్టరు మూసి ఉంటుంది, షట్టరు దించే టైముకి బండి ఉండదు. మధ్యలో ఆ గోడ ఉంది. శానిటరీ ఇన్‌స్పెక్టరు దగ్గరికి వెళ్ళి ఈ మాటే చెప్పాం. "చెత్త పెరిగిపోతోంది సార్" అని వెళ్తే ఆయన రోజూ వినే మాటే. "బజారులో ఫలానా కొట్లకి రాత్రి తొమ్మిది తర్వాత ఒక ట్రిప్పు కావాలి" అని కాగితం మీద రాసుకెళ్ళేసరికి కూర్చోమన్నాడు. అక్కడున్న మేస్త్రీ, "ఒక్క ఆటో ఆ టైముకి పంపితే మాకూ పొద్దున సగం పని తగ్గుద్ది" అన్నాడు. మూడు వారాలు పట్టింది. ఆటో వచ్చింది.

సిరంజిల విషయంలో మొహమాటం వద్దు. క్లినిక్కుల చెత్త మామూలు చెత్తలో కలపకూడదు, దానికి వేరే సేకరణ, వేరే చోట శుద్ధి ఉండాలని 2016 బయోమెడికల్ నిబంధనలు చెబుతున్నాయి. చెప్పండి, వినకపోతే మున్సిపాలిటీకి రాసివ్వండి. మీరెవరూ సూదిని చేత్తో ముట్టొద్దు. మందపాటి గ్లౌజులు లేనిరోజు కుప్ప జోలికి వెళ్ళకపోవడమే మంచిది. ఇంకొకటి, ఆకులే కదా అని పోగుచేసి అగ్గిపుల్ల గీయకండి. చెత్త తగలబెట్టకూడదని ఘన వ్యర్థాల నిబంధనల్లోనే ఉంది. పైగా అందులో ఎన్ని కవర్లుంటాయో మీకు తెలుసు.

(ఆంధ్రలో ఇంటింటికీ మూడు రంగుల డబ్బాలు ఇచ్చారు గుర్తుందా? ఆకుపచ్చది తడి చెత్తకి, నీలంది పొడి చెత్తకి, ఎర్రది ప్రమాదకరమైన చెత్తకి. మా వీధిలో ఒకావిడ నీలం డబ్బాలో బియ్యం పోసుకుంది. "ఇంత మంచి డబ్బాలో చెత్తేంటండీ" అంటుంది. నేను వాదించలేకపోయాను.)

రాత్రి ఆటో ఖాయమయ్యాక అప్పుడు ఎత్తండి, ఏడోసారి. ఎత్తిన రోజే, పొద్దెక్కేలోపు ఆ చోటు రూపం మారిపోవాలి. ఖాళీగా వదిలేస్తే రాత్రికి ఎవడో ఒకడు మొదటి కవరు వేస్తాడు, దాన్ని చూసి రెండోవాడు. బెంగళూరులో ది అగ్లీ ఇండియన్ అని 2010 నుంచి పనిచేస్తున్న బృందం ఉంది. పేర్లు చెప్పరు, మొహాలు చూపించరు. ముందు నోరు మూసుకుని పని మొదలుపెట్టు అన్నది వాళ్ళ సూత్రం. చెత్త వేసే మూలల్ని ఒక్క పూటలో బాగుచేసి, మళ్ళీ పాడవకుండా నిలబెట్టడం వాళ్ళు పట్టిన పని. గోడకి పైన తెలుపు, కింద నడుం ఎత్తు దాకా ఇటుకరంగు వేస్తారు. కింద ఎరుపు ఎందుకంటే దుమ్ము, బురద చిమ్మినా కనపడదు. ఇది చదివినప్పుడు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. అరుగు అంచుకి జాజు, పైన సున్నం, ముందు ముగ్గు. ఆవిడకి బెంగళూరు తెలియదు గానీ ఆ కిటుకు తెలుసు. ముగ్గున్న చోట ఉమ్మడానికి ఎంత మొరటువాడైనా ఒక్క క్షణం ఆగుతాడు.

మీరూ అదే చేయండి. గోడకి సున్నం, కింద జాజురంగు, ముందు రెండు సిమెంటు బెంచీలు, నేల చదును. బెంచీ మీద మనుషులు కూర్చున్నంతసేపు అక్కడ చెత్త పడదు. బస్సు కోసం ఎదురుచూసే ఆడవాళ్ళకి కూర్చునే చోటు దొరుకుతుంది, అది వేరే లాభం. "ఇక్కడ చెత్త వేయరాదు, వేసినచో జరిమానా" అని బోర్డు పెట్టకండి. ఆ బోర్డు ఉన్నచోటే చెత్త వేయాలని మన ఊళ్ళలో అందరికీ తెలుసు. గోడకి వరసగా దేవుళ్ళ టైల్సు అంటించడం కూడా నాకు నచ్చదు. రెండేళ్ళకి ఆ దేవుళ్ళ మీద పడే దుమ్ము చూడలేం. రంగుల విషయంలో ఇంకో జాగ్రత్త. ఏ పార్టీ జెండానీ గుర్తుచేసే రంగు గోడకి వెయ్యకండి. మన దగ్గర పంచాయతీ భవనాల రంగుల గొడవ 2020లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. మీ అరవై అడుగుల గోడకి అంత అదృష్టం వద్దు.

మొక్కలు. సంక్రాంతికి నాటారంటే వాటికి వెంటనే వచ్చింది శివరాత్రి, ఆ తర్వాత ఎండలు. వేరు పట్టడానికి వాన ఏది? ఇక లెక్క మీరే వేయండి. 200 మొక్కలు, మొక్కకి ఒక బిందె, పది లీటర్లే అనుకుందాం, వారానికి రెండుసార్లు. వారానికి 4,000 లీటర్లు. నాటేటప్పుడు ఆ నాలుగు వేల లీటర్లు ఎవరు మోస్తారో అనుకున్నారా? తెలంగాణలో పంచాయతీ చట్టంలో, మున్సిపల్ చట్టంలో నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని రాసుకున్నారు. ఎందుకు రాసుకోవలసి వచ్చిందో ఊహించండి. నాటిన లెక్కలు పేపర్లో వస్తాయి, బతికిన లెక్క ఎవరూ అడగరు.

ఈసారి ఇరవై చాలు. తొలకరి పడ్డాక, ఆషాఢం శ్రావణాల్లో నాటండి. బతికిన ముప్పై మీద ముందు దృష్టి పెట్టండి, అవి మొండివి, వాటికి కంచె కట్టండి. మొక్క పక్కనే ఉన్న కొట్టు ఆయనకి ఆ మొక్క అప్పగించండి, ఆయన కూతురి పేరు పెట్టుకోమనండి. పొద్దున వాకిలి కడిగిన నీళ్ళు దానికి పోయడం ఆయనకి పెద్ద పని కాదు. మేకలతో పోట్లాట పెట్టుకోకండి, అవి గెలుస్తాయి. గన్నేరు, నందివర్ధనం, బిళ్ళగన్నేరు, కానుగ లాంటివి మేకలు మామూలుగా ముట్టవు. కాకపోతే గన్నేరు విషం, చిన్నపిల్లలు తిరిగే చోట వద్దు. కరెంటు తీగల కింద పెద్ద చెట్టు పెట్టి, పదేళ్ళ తర్వాత లైన్‌మెన్ దాని తల నరికితే ఏడవకండి. అక్కడ నందివర్ధనం, పారిజాతం, కాగితంపూలు పెట్టి, తీగలు లేనివైపు వేప, కానుగ, నేరేడు, పొగడ పెట్టండి. త్వరగా పెరుగుతుందని ఏది పడితే అది తేవద్దు. 2014 హుద్‌హుద్ తుపాను తర్వాత విశాఖలో ఏడాకుల చెట్లు విపరీతంగా నాటారు. అవి పూసే కాలంలో ఆ ఘాటు వాసనకి జనం ఇప్పటికీ ఇబ్బంది పడుతున్నారు. త్వరగా పెరిగే విదేశీ చెట్టు కోనోకార్పస్ సంగతి సరేసరి. ఊరూరా నాటాక, ఇక వద్దని తెలంగాణలో మొక్కల పథకం హరితహారం నర్సరీల్లో ఆపేశారు.

డబ్బు దగ్గరికి వద్దాం. లెక్కల మాస్టారున్న బృందంలో లెక్కల గొడవ! కోపం తెచ్చుకోకండి. ఇది అందరికీ వచ్చేదే, నాకూ వచ్చింది. మా బృందానికి మొదటి ఏడాది డబ్బు చూసింది నేనే. ఏడాది చివర 640 రూపాయలు తేడా వచ్చింది. గోనెసంచులు కొన్నది నాకు తెలుసు, ఆటోవాడికి ఇచ్చింది తెలుసు, రసీదు మాత్రం లేదు. ఆటోవాడు రసీదిస్తాడా? మీటింగులో ఒకరు, "తేడా ఉందిగా మరి" అన్నారు, అంతే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. "ఆ ఆరొందలూ నువ్వే వేసి పడెయ్" అన్నారు మా ఆయన. వేస్తే తిన్నట్టే కదా! వేయలేదు. మూడు వారాలు వెళ్ళలేదు కూడా. చివరికి ఆ అడిగినావిడే ఇంటికొచ్చి, "నిన్ను దొంగ అన్లేదు, లెక్కలో తేడా ఉందన్నాను, రెండూ ఒకటేనా" అంది. ఒకటి కాదు. కానీ అందరి ముందూ విన్నప్పుడు ఒకటిలాగే ఉంటుంది.

అందుకని, ఆ కుర్రాడు అడగడం తప్పు కాదు, మీ స్నేహితుడు నొచ్చుకోవడమూ తప్పు కాదు. మొదటిరోజే పద్ధతి పెట్టుకోకపోవడం మీ అందరి తప్పు. మీ స్నేహితుడింటికి మీరే వెళ్ళండి. ఫోను కాదు, మెసేజి కాదు. గ్రూపులో చేర్చి "మళ్ళీ స్వాగతం" అని పూలగుత్తి బొమ్మ పెట్టడం అసలే కాదు. వెళ్ళి ఆయనతో పాటు కూర్చుని పదకొండు నెలల లెక్క ఒక తెల్లకాగితం మీద రాయండి. రసీదు లేనివాటికి "రసీదు లేదు" అనే రాయండి. ఆ కాగితం టీకొట్టు గోడకి అంటించండి. ఇకనుంచి ప్రతి నెలా ఐదో తారీఖున అదే గోడకి. బ్యాంకు ఖాతా ఇద్దరి సంతకంతో, అందులో రెండో సంతకం ఆ అడిగిన కుర్రాడిది. అడిగేవాడికి బాధ్యత ఇస్తే, రసీదులు రాకపోవడం ఎంత మామూలో అతనికీ తెలుస్తుంది.

నాయకుడిగారి 20 వేలు తీసుకోకండి. కానీ ఆయన్ని శత్రువు చేసుకోకండి. "నగదు తీసుకోవడం లేదండీ, వస్తువులైతే ఎవరిచ్చినా సంతోషం. రెండు బెంచీలు వేయించండి, మొదటిరోజు మీరే వచ్చి కూర్చోండి" అనండి. పేరు? ఎవరి పేరూ వద్దు. మీదీ వద్దు, మీ బృందానిదీ వద్దు. ఒక పేరు రాసిన మరుక్షణం ఆ బెంచీ ఒక వర్గానిది అవుతుంది, రెండో వర్గం దాని కాలు విరగ్గొడుతుంది. అసలు ఫ్లెక్సీ అంటే ఏమిటి? పది రోజుల తర్వాత మీరే ఎత్తాల్సిన చెత్త. అదే మాట నవ్వుతూ ఆయనతో అనండి, చాలామంది నాయకులు అర్థం చేసుకుంటారు. అర్థం చేసుకోకపోతే బెంచీలు వేరే చోట వెతుక్కుందాం.

ఇక అమ్మగారి ప్రశ్న. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపింది అదే. "జీతాలు తీసుకుని చేసేవాళ్ళున్నారు కదా" అన్న మాటలో రెండు మాటలున్నాయి. మొదటిది న్యాయమైనదే. మున్సిపాలిటీ పని మీరు ఉచితంగా చేసేస్తే, రేపు అక్కడ ఒక కార్మికురాలిని తగ్గించరని నమ్మకమేంటి? కాబట్టి వాళ్ళు రోజూ ఊడ్చే రోడ్డు మీరు ఊడవకండి. వాళ్ళ పని చిట్టాలో లేనివి, అంటే గోడ, పిచ్చిమొక్కలు, బెంచీ, చెట్టుకి కొట్టిన మేకులు పీకడం, కొట్లవాళ్ళతో మాట్లాడటం, రాత్రి ఆటో కోసం తిరగడం, ఇవి మీవి. మ్యాన్‌హోలు మూత మీరు ఎత్తొద్దు, ఇంకొకర్ని డబ్బిచ్చి దింపొద్దు. రక్షణ సామగ్రి లేకుండా మురుగు కాలువల్లోకి మనుషుల్ని దింపడం 2013 చట్టం ప్రకారం నేరం.

రెండోది పైకి అనని మాట. ఆ పని "వాళ్ళది", మనది కాదు అని. ఏ వీధివాళ్ళది, ఏ కులంవాళ్ళది అని అందరికీ తెలుసు, ఎవరూ నోటితో అనరు. అమ్మగారు అలా అనుకున్నారని నేననడం లేదు. కానీ మీ నలభైమందిలో కొందరు రెండోవారం రాకపోవడానికి అదీ ఒక కారణమే అయ్యుంటుంది. చుట్టాలెవరో చూశారు, "ఇదేం పనిరా" అన్నారు, అంతే. దీనికి ఉపన్యాసం పనిచేయదు. ఆ దారిలో ఊడ్చే ఆవిడ ఎవరో, పేరేంటో, పని ఎన్నింటికి మొదలవుతుందో మీ ఏడుగురిలో ఎంతమందికి తెలుసు? తెలుసుకోండి. గాంధీ జయంతికి శాలువా కప్పి పంపించేయకండి. ఆరింటి టీకి మీతోపాటు పిలవండి, అదే గ్లాసులో, అదే బెంచీ మీద. మా కుప్పలో చికెన్ కొట్టువాడు ఆదివారం కాకుండా సోమవారం తెల్లవారుజామున వేస్తున్నాడని మాకు చెప్పింది మా వీధి ఊడ్చే ఆవిడే. మేం నాలుగు నెలలు తలలు బద్దలు కొట్టుకున్న విషయం ఆవిడకి మొదటినుంచీ తెలుసు. ఎవరూ అడగలేదు, అందుకని చెప్పలేదు.

అమ్మగారి కోపానికి ఇంకో కారణం కూడా ఉండొచ్చు. రిటైరయ్యాక మొదటిసారి ఆదివారాలు ఇంట్లో ఉంటారనుకుంటే, మీరు ఆరింటికి వెళ్ళి పదకొండింటికి బురదకాళ్ళతో వస్తున్నారు. ఆ బట్టలు ఎవరు ఉతుకుతున్నారు? మంగళ, శుక్రవారాలు గంటేసి చొప్పున చేసి ఆరున్నరకి ఇంట్లో ఉంటే సగం గొడవ తీరుతుంది. మిగతా సగానికి ఒక చిట్కా. బజారులో పట్టిన చీపురు ఇంటి వాకిట్లో కూడా ఒకసారి పట్టండి. ఫోటో మాత్రం తీయకండి.

మానేయొద్దు మాస్టారూ. ఆదివారాలు మాత్రం మానేయండి. ఈ మంగళవారం ఐదింటికి ఏడుగురూ దంతె, గ్లౌజులు, ఒక నోటుపుస్తకం తీసుకుని ఆ గోడ దగ్గరికి వెళ్ళండి. ఏమీ ఎత్తకుండా కుప్పలో ఏమేమున్నాయో, ఏది ఎంతుందో రాసుకురండి. థర్మకోల్ ప్లేట్లు ఎక్కువుంటే ముందు ఫంక్షన్ హాలు మేనేజరు దగ్గరికి, అదీ ముహూర్తాలు లేని వారంలో వెళ్ళండి. ఈకలు ఎక్కువుంటే ఆదివారం రష్ అయిపోయాక సాయంత్రం వెళ్ళండి. ఇంకేదైనా ఉంటే ఆ జాబితా నాకు పంపండి, కలిసి చదువుదాం.